అందుకున్న గొంతు

కర్దనూరు చర్చిలో పోలీసు యాక్షన్‌కు ముందు నుంచీ పాటలు పాడించేది బర్నబాయే. సంఘంలో చాలామందికి చదువు రాదు. ఆయన ఒక్కో వరుస పాడి ఆగితే, అందరూ అందుకుంటారు.

క్రిస్మస్‌కు ముందు ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు ఆయన్ను పిలిచి చెప్పారు. "బర్నబా, ఈ క్రిస్మస్‌కు సత్యరాజు పాడిపిస్తడు. నువ్వు జెర ఆరాం చెయ్."

సత్యరాజు ఊరి బడికొచ్చిన కొత్త పంతులు. జోగిపేట నుంచి వచ్చి ఆరు నెలలే. బర్నబా పాటనే రాగం మార్చి పాడితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

ఆ రాత్రి కడుపుమంటతో నిద్ర పట్టలేదు. బర్నబా చర్చి తలుపు తీసి, చీకట్లోనే, తన పాత రాగంలో మొదటి వరుస పాడాడు. అలవాటుగా ఆగాడు.

ఆడవాళ్ళ చాపల వైపు నుంచి ఒక గొంతు అందుకుంది.

ఆయన భార్య జయశీల గొంతు. ఆమె చనిపోయి మూడేళ్ళయింది.

భయం కంటే ముందు ఆయనకు సంతోషం కలిగింది. ఆ తర్వాత గమనించాడు. ఆమె పాడింది సత్యరాజు రాగం.

"గిట్ల కాదు జయా," అన్నాడు. "గా రాగం నీకెవడు నేర్పిండు? వాడు నీ దగ్గరికి ఎప్పుడొచ్చిండు?"

పట్టుదలగా మళ్ళీ తన రాగంలోనే పాడి ఆగాడు.

ఈసారి ఆమెతో పాటు, చర్చి వెనక సమాధుల వైపు నుంచి అందరూ అందుకున్నారు, సత్యరాజు రాగంలోనే.