రాణిని గుర్తుపట్టని తలుపు

ప్రతి తలుపూ మనిషి ముఖం చూసి తెరుచుకునే కాలమది. ఒక రాత్రి తిరుగుబాటుదారులు కోటను పట్టుకుని, రాజును బంధించి, రాజకుటుంబం ముఖాలన్నిటినీ తలుపుల జ్ఞాపకంలోంచి చెరిపేశారు. తెల్లవారాక, వాళ్లకి చిక్కకుండా తప్పించుకున్న రాణి చిత్రరేఖాదేవి జ్వరంతో ఉన్న మనవరాలిని ఎత్తుకుని ఆసుపత్రికి వచ్చింది. తలుపు కదల్లేదు. ఇన్నేళ్లలో ఆమె ఏ తలుపు ముందూ ఆగి ఎరగదు.

కోటలో వంట చేసే నాంచారమ్మ అటుగా వచ్చి ఆమెను గుర్తుపట్టింది. నాంచారమ్మ కొడుకు రాజుగారి జైల్లోనే చనిపోయాడు.

“నన్ను వాళ్లకి పట్టించు నాంచారమ్మా. పిల్లని మాత్రం లోపలికి తీసుకెళ్లు,” అంది రాణి.

నాంచారమ్మ పిల్ల నుదురు తాకింది.

“ఒళ్లు కాలిపోతోందమ్మా. ఇటివ్వండి.”

పిల్లను భుజాన వేసుకుని తలుపుకు తన ముఖం చూపించింది. తెరుచుకున్న తలుపును కాలితో ఆపి వెనక్కి తిరిగింది.

“మీరూ రండి. పిల్ల లేచాక మిమ్మల్నే వెతుక్కుంటుంది.”

రాణి తల వంచుకుని ఆమె వెనకే నడిచింది.