మౌనం మీద రెండు పుస్తకాలు

ఉపన్యాసం ముగించి వేదిక దిగిన ప్రొఫెసర్, నేరుగా మొదటి వరసలో ఉన్న తల్లి దగ్గరికొచ్చింది.

"ఎలా ఉందమ్మా?"

"నేను మీ నాన్న దగ్గర మాట్లాడకపోవడం గురించేనా ఇంతసేపూ చెప్పావు?"

"అవును. పితృస్వామ్యం నీ గొంతు నొక్కేసింది. అణచుకున్న కోపమే నీ మౌనం. నా పీహెచ్‌డీ, రెండు పుస్తకాలూ దాని మీదే."

"కోపమా, పాడా. ఆయనతో మాట్లాడాలంటే విసుగు. చెప్పిందే చెప్పేవారు."

ప్రొఫెసర్ ముఖం పాలిపోయింది. "ఈ ముక్క నాకెప్పుడూ చెప్పలేదేం?"

"అడిగితే కదా. అడిగినా, జవాబు నువ్వే చెప్పేస్తావు. అచ్చం మీ నాన్నే."

ప్రొఫెసర్ ఏదో వివరించబోయి ఆగింది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"సరే, చెప్పమ్మా. వింటాను."

"అయితే కాస్త టైం పడుతుంది," అంటూ తల్లి, చెప్పులు విడిచి, కాళ్లు రెండూ కుర్చీలోకి ముడుచుకుంది.