రెండో డిస్కు

మధ్యాహ్నం మూడయింది. ఐదులోపు థీసిస్ మెయిల్లో అందితే హెలెనాకి పెర్త్‌లో పరిశోధన సీటు, ఎల్లుండే ప్రయాణం. అందకపోతే ఆ సీటు ఇంకొకరిది. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచారు. మూడోసారి లేదన్నారు.

ఆ థీసిస్ ఉన్న కంప్యూటర్ పొద్దున్నే పొగలు కక్కి చచ్చింది. లోపలి డిస్కు మాత్రం బతికింది.

"ఫ్లాపీలో దాచుకోలేదుటే?" అంది కరోలిన్.

"పట్టలేదక్కా. బొమ్మలెక్కువ."

ఊరి శివార్లలో, కెల్లీవిల్‌లోని ఆ అద్దెగదిలో హెలెనాకి అక్కయినా అమ్మయినా రూమ్మేట్ కరోలినే. కంప్యూటర్ చదువు ఆమెది. నాలుగేళ్ళలో ముగ్గురు రూమ్మేట్లని విమానం ఎక్కించి, ఒక్కతే బస్సులో తిరిగొచ్చిన మనిషి.

కరోలిన్ తన డెస్క్‌టాప్ మూత విప్పింది. తన డిస్కు కిందే హెలెనా డిస్కు బిగించింది. ఒకే పట్టీ తీగకి రెండూ తగిలించింది. హెలెనా డిస్కు వెనక పిన్నుల మీద బియ్యపుగింజంత నల్లటోపీని సరిగ్గా తొడిగి చూపించింది.

"నాది మాస్టర్. ఈ టోపీ ఇక్కడుంటేనే నీది స్లేవ్. రెండూ మాస్టర్లమని కూర్చుంటే కంప్యూటర్ దేన్నీ పట్టించుకోదు."

"అయితే పెర్త్ వెళ్ళేదాకా నేను నీకు చాకిరీ చెయ్యక తప్పదన్నమాట!" నవ్వింది హెలెనా.

ప్రార్థన లేకుండా ఆ గదిలో టీ కూడా కాచరు. హెలెనా కంప్యూటర్ పెట్టె మీద చెయ్యేసి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి ప్రార్థించింది.

"ఆమెన్" అంది కరోలిన్.

స్విచ్ వేశారు. ఒక్క డిస్కూ లేదంది తెర.

తీగ మార్చింది కరోలిన్. కరెంటు ప్లగ్గు ఊడదీసి మళ్ళీ పెట్టింది. నాలుగయింది. నాలుగున్నర. చూపు మాటిమాటికీ గడియారం మీదికే పోతోంది. 'దేవా, ఈ ఒక్క అరగంటా గట్టెక్కించు!' అనుకుంది.

"యూనివర్సిటీకి పట్టుకుపోదామా అక్కా?"

"బస్సులోనే గంటన్నర పోతుంది. కూర్చోవే, చూస్తున్నాగా."

ఐదు దాటింది.

హెలెనా ఆమె ఒళ్ళో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వు మాత్రం ఏం చేస్తావక్కా! పొద్దుట్నుంచీ నాకోసం మెతుకు ముట్టలేదు."

"ఊరుకోవే తల్లీ. నేనున్నాగా."

హెలెనా మొహం కడుక్కోవడానికి వెళ్ళగానే, ఆ పిల్ల ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు తను పక్కకి జరిపిన నల్లటోపీని కరోలిన్ మళ్ళీ సరైన పిన్నుల మీద తొడిగింది.