కిటికీ బయట చెయ్యి

బొటనవేలంత కూడా లేని ఆ వైఫై డాంగిల్ ఫోటోగ్రాఫర్ ప్రాణం తోడేస్తోంది.

కంప్యూటర్ ముసలిది. స్టూడియో నడిచిన రోజుల్లో పాస్‌పోర్టు ఫోటోలు దిద్దడానికి కొన్నది. స్టూడియో మూతపడ్డాక పడకగదిలో ఇనప బీరువా పక్కకు చేరింది. దీనికి నెట్ వస్తుందా అని భార్య అడిగితే, బజారంతా తిరిగి ఉన్నవాటిలో చవకది పట్టుకొచ్చాడు. పెట్టగానే పనిచేస్తుందని డబ్బా మీద రాసుంది. ఏ కాలం కంప్యూటర్లోనో రాయలేదు.

గుచ్చితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంది కంప్యూటర్. డ్రైవర్ నెట్‌లో ఉంటుంది. నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు. చివరికి జిరాక్స్ షాపతన్ని బతిమాలి, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చాడు.

డాంగిల్‌కి దీపం వెలిగింది. సిగ్నల్ మాత్రం లేదు. వైఫై పైవాటా టీచరుగారిది, బీరువా దాటి రానంటోంది. పొడుగు వైరు తగిలించి, కిటికీ ఊచల్లోంచి చెయ్యంతా బయటికి చాపితే రెండు గీతలు కనిపించాయి. డాంగిల్‌ను కర్రకు కట్టి చూశాడు. గాలికి ఊగి లైను తెగింది. ఇక మనిషి చెయ్యే గతి.

చెప్పిన వేళకు భార్య ఇస్త్రీ చీర కట్టుకుని, కంప్యూటర్‌కి తగిలించిన స్టూడియో పాత కెమెరా ముందు కూర్చుంది. ఈ రోజు కోసం ఆమె ఎంత కాచుకుని ఉందో అతనికి తెలుసు. కిందటిసారి నెట్ సెంటర్లో కూర్చుంటే సగంలో మాట తెగిపోయింది. వాళ్లు ఇంకో తేదీ ఇచ్చారు.

"చెయ్యి లాగేస్తుందేమో. పట్టుకోగలరా?" అంది.

"నా సంగతి వదిలెయ్. నువ్వు తడబడకుండా చెప్పు."

తెర మీదికి కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ వచ్చింది. రాసిచ్చినవన్నీ నిజమేనా అని అడిగింది. ఎవరి బలవంతమూ లేదు కదా అంది. కొత్త ఊళ్లో ఒక్కరూ నెగ్గుకురాగలరా అంది. భార్య ఒక్కోదానికీ నిదానంగా జవాబిచ్చింది. కుట్టుపని బాగా వచ్చని, అక్కడ చిన్న గది కూడా చూసుకున్నానని చెప్పింది.

గది సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

మోచెయ్యి తిమ్మిరెక్కింది. చెయ్యి మార్చుకోబోయేసరికి తెర మీద పెద్దావిడ నోరు తెరిచింది తెరిచినట్టే బిగుసుకుపోయింది. భార్య వెనక్కి తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. బతిమాలుతున్నట్టుంది. గబుక్కున మళ్లీ చెయ్యి చాపాడు. బొమ్మ కదిలింది. ఇంకోసారి లైను పోతే ఇక ఇవాళ్టికి కుదరదని పెద్దావిడ చెప్పేసింది.

వేళ్లు వదిలితే చాలు. వైరు జారిపోయిందంటే ఎవరూ ఏమీ అనలేరు. తప్పంతా చవక సరుకుదే అవుతుంది.

అంత మాట మనసులోకి వచ్చినందుకు తలకొట్టేసినట్టయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగిన సాయం ఇదొక్కటే. ఊచ అంచు చంకలో కోస్తున్నా భుజం ఇంకాస్త ముందుకు తోశాడు. మూడో గీత పడింది. తెర మీది గొంతు పక్కనే కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా వినిపించింది.

పెద్దావిడ కాగితాలు సర్దుకుని కళ్లజోడు తీసింది.

"విడాకులు వద్దని మీ ఆయన చెప్పదలుచుకుంటే ఇదే ఆఖరి అవకాశమమ్మా, ఒక్కసారి కెమెరా ముందుకొచ్చి చెప్పమనండి."