పన్నెండున్నర ఎండ

“ఇంకొంచెం నల్లగా సెయ్యి బాబూ,” అంది గంగాలమ్మ, కుర్చీని కంప్యూటర్ దగ్గరికి జరుపుకుంటూ.

ఉదయ్‌కుమార్ ఫొటోలో వెలుగు తగ్గించాడు. తెరమీద మంగమారిపేట రాళ్ళు బొగ్గులా నల్లబడ్డాయి. వాటి వెనక సముద్రం మాత్రం తెలుపు నుంచి బూడిదరంగుకి దిగి అక్కడే ఆగిపోయింది. అందులో అల లేదు, తెప్ప లేదు, మనిషి లేడు.

“ఇంకా?”

“ఎంత తగ్గించినా అంతేనమ్మా. అక్కడ బొమ్మే లేదు.”

“బొమ్మ నేకపోడమేటి బాబూ? సంద్రం ఉంది కదా?”

ఉదయ్‌కుమార్ సీతమ్మధారలో ఫొటో స్టూడియో పెట్టి పద్నాలుగేళ్ళయింది. ఆదివారం క్లాసుల్లో పిల్లలకి అతను గొంతు చించుకుని చెప్పే పాఠం ఇదే. ఎండలో తీసేటప్పుడు ఫొటో కాస్త చీకటిగా వచ్చినా ఫర్వాలేదు, తర్వాత వెలుగు తెచ్చుకోవచ్చు. తెల్లగా కాలిపోయిందా, బ్రహ్మదేవుడు దిగొచ్చినా ఏమీ చెయ్యలేడు. ఇంత పాఠం చెప్పే పెద్దమనిషి నలభై రోజుల కిందట, పన్నెండున్నరకి, నడినెత్తిన ఎండ మాడుస్తుంటే, తనే తప్పులో కాలేశాడు. అక్కడితో ఊరుకున్నాడా? ఆ తెల్లటి ఫొటోకి ‘పాలసముద్రం’ అని పేరు పెట్టి, తేదీ, టైముతో సహా ఊరి గ్రూపులో పెట్టాడు. జనం ఆహా ఓహో అన్నారు. అది చేతులు మారి మారి గంగాలమ్మ కోడలు మహేశ్వరి ఫోన్లోకి వచ్చింది.

సరిగ్గా ఆ రోజే, ఆ వేళకే గంగాలమ్మ కొడుకు అప్పలరాజు తండ్రితో గొడవపడి, మంగమారిపేట ఒడ్డు నుంచి ఒక్కడే తెప్పేసుకుని సముద్రం మీదికి పోయాడు. మళ్ళీ ఇంటికి రాలేదు. శవం దొరకలేదు, తెప్పా దొరకలేదు. తెప్పని భీమిలిలో అమ్మేసి, గుజరాత్ రైలెక్కి, వేరావల్ చేపల బోట్లలో పనికి పోయుంటాడని స్నేహితులన్నారు. సముద్రమే తీసుకుందని కులపెద్దలన్నారు. ఎల్లుండి కర్మ చేసి, మహేశ్వరి గాజులు తీయించాలని కబురు కూడా పెట్టేశారు.

“నానొప్పుకోను,” అంది గంగాలమ్మ. “బతికున్నోడికి పిండాలెట్టీమంటారా? అలగని ఆడు నిజంగానే...” ఆ మాట మింగేసింది. “ఏదో ఒకటి తేలాల బాబూ. పన్నెండు దాటినేళకి ఆ రాళ్ళకాడ నీరు సుడి తిరుగుతాది. తెప్ప అటు లాగీసిందంటే ఇంకంతే. నీ పొటోలో మా గుంటడు ఉంటే కర్మ సేసుకుంటాం. నేకపోతే రాళ్ళు దాటీసి ఈరావల్ పోనాడనే.”

గుమ్మం దగ్గర నిలబడ్డ మహేశ్వరి అప్పుడు నోరు విప్పింది. “ఉన్నాడో నేడో తెలిస్తే సాలు బాబూ. తలుపు సప్పుడైనప్పుడల్లా లెగిసి సూత్తన్నాను. ఇంక నావల్ల అవడం నేదు.”

ఉదయ్‌కుమార్ బల్ల మీది సీసా అందుకున్నాడు. సీసాలో నీళ్ళన్నీ గటగటా తాగేశాడు.

“అమ్మా, నేను నల్లరాళ్ళు బాగా రావాలని వాటికి సరిపడా వెలుగు పెట్టాను. నీళ్ళమీద ఎండేమో అద్దంలా కొడుతోంది. రాళ్ళొచ్చాయి, నీళ్ళు కాలిపోయాయి.”

“అయితే ఎండ తినీసింది.”

“అవునమ్మా. ఎండే.”

గంగాలమ్మ తెర మీద చెయ్యిపెట్టి ఆ బూడిదరంగుని రెండుసార్లు తుడిచింది. తర్వాత కుర్చీ తిప్పుకుని సూటిగా అతని మొహంలోకి చూసింది.

“సరే బాబూ, కెమెరాకి కళ్ళు సెదిరిపోనాయి. నీకు కాదు కదా? నువ్వక్కడే ఉన్నావు కదా?”

ఉదయ్‌కుమార్ చూపు తెర మీదికి తిప్పుకున్నాడు.

“మావోలు నీటిమీద ఉత్తినే సెయ్యెత్తరు బాబూ. మునిగిపోతంటేనే ఎత్తుతారు. అలాటి మడిసెవుడైనా నీ కళ్ళకి అవుపడ్డాడా?”

మహేశ్వరి గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వచ్చింది. ఆమె చేతులకి డజను ఆకుపచ్చ గాజులున్నాయి. ఉదయ్‌కుమార్ వాటివైపే చూస్తూ చెప్పాడు.

“లేదమ్మా. ఎవరూ కనపడలేదు.”

గంగాలమ్మ అతని రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “ఓలమ్మా! విన్నావేటే కోడలా? నాను సెప్పనేదా? ఎల్లిపోనాడు దొంగసచ్చినోడు! రానీ, కాళ్ళిరగ్గొడతాను!” ఏడుస్తూనే నవ్వింది. “నీ పిల్లాపాపా సల్లగుండాల బాబూ. ఎల్లుండి ఏ పెద్దోడు నా గడప తొక్కుతాడో సూత్తాను.”

మహేశ్వరి నవ్వలేదు. అతనివైపు కాసేపు చూసి, “అయితే ఎదురుసూడమంటారు,” అని అత్త వెనకే నడిచింది.

ఉదయ్‌కుమార్ గుమ్మం దాకా వచ్చాడు. ఆటో కదులుతుంటే గంగాలమ్మ తల బయటికి పెట్టి, మనసారా నవ్వుతూ చెయ్యూపింది. తిరిగి ఊపుదామంటే అతనికి చెయ్యి లేవలేదు.

ఆ రోజు సముద్రంలోంచి చేతులూపిన కుర్రాడికి మాత్రం అతను నవ్వుతూ చెయ్యూపాడు.