బాణం గుర్తు

మిరపకాయ తొడిమ తీస్తూ బిందుమాధవి గట్టిగా తుమ్మింది. ఒళ్ళోని ఫిజిక్స్ గైడు జారి ఎర్రటి కుప్పలో పడింది.

"కాయలు చూడవే, కాగితాలు కాదు. సాయంత్రం లారీ వచ్చుద్ది" అంది తల్లి నాంచారమ్మ, అవతలి వరసలోంచి.

"రేపే పరీక్షమ్మా! తప్పితే?"

"తప్పితే ఇక రోజూ ఇదే షెడ్డు."

అందరూ నవ్వారు. బిందుకి నవ్వు రాలేదు.

పక్కన కూర్చున్న కొత్తామె గైడు తీసి, దులిపి ఇచ్చింది. ఘాటుకి అందరిలాగే ఆమె కూడా ముఖానికి గుడ్డ చుట్టుకుంది. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. పొద్దుటి నుంచీ దగ్గి దగ్గి గొంతు బొంగురుపోయింది.

"ఏది రావట్లేదు?"

"కరెంటు పాఠం, పిన్నీ. మా శిల్ప టీచర్ దసరాకి వెళ్ళి మళ్ళీ రాలేదు. సగంలో వదిలేసి పోయింది."

ఆమె చేతులు ఒక్క క్షణం ఆగాయి.

"పోయిందో, పంపేశారో."

"ఏదైతేనేం, మునిగింది మేమేగా!"

ఆమె మూడు కాయలు తీసి ఒకదాని వెనక ఒకటి పేర్చింది.

"ఇది శ్రేణి. కరెంటుకి ఒకటే దారి. నడిమి కాయ తీసేస్తే?"

"దారి తెగుద్ది."

అవే కాయల్ని పక్కపక్కన పెట్టి, రెండు కొసలకీ రెండు పుల్లలు ఆనించింది.

"ఇది సమాంతరం. ఇప్పుడు తియ్యి."

"మిగతా రెండింట్లో పారుద్ది... ఓహో, మా ఇంట్లో బల్బు పోయినా ఫ్యాను తిరిగేది ఇందుకా!"

గుడ్డ వెనక ఆమె నవ్వినట్టుంది.

"ఉన్నది ఒక్క పూట. అన్నీ చదవకు. ఆరు సూత్రాలు, నాలుగు బొమ్మలు చాలు. కాంతి పాఠం బొమ్మల్లో కిరణాలకి బాణం గుర్తులు పెట్టు. ఎప్పుడూ అదే మరిచిపోతావు."

బిందు తలూపి గైడులో మునిగింది.

కాసేపటికి తలెత్తి చూస్తే తన గంప నిండుగా ఉంది. పక్కామె గంపలో అడుగు కనిపిస్తోంది.

మర్నాడు పరీక్షలో శ్రేణి వచ్చింది, సమాంతరం వచ్చింది. గీసిన ప్రతి కిరణానికీ బిందు బాణం గుర్తు పెట్టింది. హాల్లోంచి నేరుగా షెడ్డుకి పరుగెత్తింది.

"పిన్ని ఏది?"

"ఇంకెక్కడి పిన్ని!" అన్నాడు మేస్త్రీ యలమందయ్య. "అలవాటు లేని చేతులు. వేళ్ళన్నీ బొబ్బలెక్కాయి. ఇక రానని చెప్పి పొద్దున్నే బస్సెక్కింది."

"ఏ ఊరు? పేరేంటి?"

"ఒక్కరోజు పనికి పేరెవరు అడుగుతారమ్మా?"

బిందు ఇంటికొచ్చి పుస్తకాలు సర్దుతుంటే, దసరాకి ముందు రాసిన క్వార్టర్లీ పేపరు జారి పడింది.

కిరణాల బొమ్మ పక్కన, ఎర్ర ఇంకుతో, శిల్ప టీచర్ చేతిరాత: "బిందూ, మళ్ళీ బాణం గుర్తు మరిచిపోయావు."