పుట్టనివాళ్ల ఓటు

వంటింటి గోడకున్న పెట్టెలోంచి నూకరత్నం మునిమనవరాలు మాట్లాడుతుంది. ఆ పిల్ల ఇంకా పుట్టలేదు. కోనసీమ గ్యాస్ మీద వచ్చే డబ్బు ఖర్చు పెట్టాలంటే పుట్టబోయేవాళ్ల ఓటు కూడా ఉండాలని చట్టం వచ్చాక, ఇంటింటికీ ఇలాంటి పెట్టె బిగించారు.

సిమెంటు రోడ్డు వేద్దామంటే, మాకోసం దాచండి అంది. కల్యాణమండపం కడదామన్నా అదే మాట. పుట్టకముందే పిసినారిదని ఊళ్లో పేరు తెచ్చుకుంది.

ఈసారి అడగాల్సింది సముద్రాన్ని ఆపే గట్టు గురించి. ఉప్పునీరు అప్పటికే కొబ్బరితోటలోకి వచ్చేసింది.

"దాన్నడగడం దండగే, వద్దంటాది!" పెరట్లో కొబ్బరిచెట్టు మీంచి కేకేశాడు భర్త అబ్బులు.

నూకరత్నం ఎసరు పెడుతూ అడిగింది. "అమ్మడూ, గట్టు కట్టుకోమంటావా?"

"దాచండి," అంది పిల్ల. అంతలోనే, "మామ్మా, తాత మాట పైనుంచి వస్తోందేం?"

"చెట్టెక్కాడమ్మా. విత్తనపు కాయలు తాడు కట్టి దించుతున్నాడు. కింద పడి దెబ్బ తగిలితే మొలకెత్తవు."

"ఎవరికవి?"

"నీకే. నువ్వొచ్చేసరికి చెట్లయి కాస్తాయి."

"ఎక్కడ నాటుతారు?"

నూకరత్నం కిటికీలోంచి చూసింది. తోటంతా ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. పైన అబ్బులు చేతిలో తాడు ఆగిపోయింది. "ఉప్పు పట్టని నేలే లేదమ్మా," అంది నూకరత్నం.

ఎసరు పొంగింది. నూకరత్నం మంట తగ్గించింది.

"మామ్మా," అంది పిల్ల, "గట్టు ఎంత ఎత్తు కడతారు?"